పంటి కింద బియ్యపు గింజ

మా కొట్లో దిగే బియ్యం పాతవో కొత్తవో తేల్చేది నా ముందుపళ్ళు. శ్రీకాకుళంలో మాది తాతల నాటి బియ్యం వ్యాపారం. నేను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే మా ఆయన ఈ పని నాకు ఒప్పజెప్పారు. లారీ వచ్చి ఆగగానే బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి కాసిని గింజలు రాబట్టి, అరచేతిలో పోసుకుని, కొట్టు వెనకున్న వంటింటి గుమ్మం దాకా వచ్చేవారు. నేను పోపు వేస్తున్నా, పిండి కలుపుతున్నా ఆయనకు పట్టదు. చెయ్యి చాపి నిలబడేవారు. నా చెయ్యి ఖాళీ లేకపోతే ఆయనే రెండు గింజలు తీసి నా నోట్లో వేసేవారు. బస్తాలు దించాలా వద్దా అని హమాలీలు బయట బీడీలు కాల్చుకుంటూ చూస్తుండేవారు.

పాత బియ్యం పంటి కింద టక్కుమని విరుగుతుంది. విరిగి పొడిపొడిగా నాలుక మీద పడుతుంది. కొత్త బియ్యం అలా కాదు, చప్పుడు లేకుండా నలిగి పళ్ళకు అతుక్కుంటుంది, కాస్త తీపి కూడా ఉంటుంది. పాతవాటిలో కొత్తవి కలిపి పంపే మిల్లులు కొన్ని ఉంటాయి. అలాంటి బస్తాలో ఒక గింజ మాట్లాడుతుంది, పక్క గింజ నోరు విప్పదు. దాన్ని కూడా పట్టేసేదాన్ని. మా ఆయన ఎంత కొరికినా ఆయనకు తేడా తెలియదు. కొందరికి శ్రుతి తెలియనట్టు ఆయనకు బియ్యం తెలియదు, పుట్టింది బియ్యం కొట్లోనే అయినా. "మా ఇంటిది కొరికిందంటే మరి తిరుగు నేదు" అని ఆయన మిల్లువాళ్ళతో ఫోన్లో చెప్పడం వింటే నాకు లోపల్లోపల ఎంత సంబరంగా ఉండేదో ఇప్పుడు దాచుకోవడం దేనికి.

ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. మా కన్నవారిది రామతీర్థం దారిలో చిన్న పల్లె, నాన్న అక్కడ కిరాణా కొట్టు నడిపేవారు. బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చుని, గుప్పెడు పచ్చి బియ్యం నములుతూ బడి లెక్కలు చేసుకునేదాన్ని. అలా తింటే పెళ్ళిలో వాన పడుతుందని అమ్మ బెదిరించేది. పడింది కూడా. పందిరి కూలింది, పెళ్ళివారు బడి గదుల్లో తలదాచుకున్నారు, తలంబ్రాలు తడిసి చేతికి అంటుకుపోయాయి. "ఎన్ని బస్తాలు తినీసినావేటి" అని మా ఆయన పీటల మీదే నా చెవిలో అడిగారు. ఆయన నాతో ఆడిన మొదటి మాట అదే. సిగ్గుపడాల్సిన చోట ఫక్కున నవ్వాను, పురోహితుడు నావైపు గుర్రుగా చూశాడు.

అలాంటి నా నోట్లో రక్తం కనపడటం మొదలైంది. మొదట పళ్ళు తోముకునేటప్పుడు, తరవాత కొరికిన గింజ మీద. ఎర్రటి చుక్క అంటిన గింజను ఆయన చూడకుండా కొంగులో తుడిచేసి "పాతవేనండీ" అనేదాన్ని. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఉప్పూ పసుపూ కలిపి వేలితో గట్టిగా రుద్దడం. ఎంత రక్తం వస్తే అంత చెడు పోతుందని నా నమ్మకం. అలా ఏడాదికి పైగా నెట్టుకొచ్చాను. చిగుళ్ళు జారిపోయి పళ్ళు పొడుగ్గా కనపడసాగాయి. ఒకరోజు కింది వరసలో ముందుపన్ను నాలుకతో తోస్తే కదిలింది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. పన్ను పోతే కట్టించుకోవచ్చు, అందరూ కట్టించుకుంటున్నారు. కట్టుడు పన్ను కింద గింజ విరిగితే ఆ సంగతి నాకు ఎలా తెలుస్తుంది? అదీ నా బెంగ.

పళ్ళ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నోరు తెరవమని లైటు వేసి చూసి మొట్టమొదట అడిగిన ప్రశ్న నేను చుట్ట కాలుస్తానా అని. మావైపు సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఆడవాళ్ళు నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఇంకా ఉంది. ఆ నోళ్ళు చూసి చూసి అందరినీ అలాగే అడుగుతుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కన మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు. చుట్ట కాదమ్మా, బియ్యం అని చెప్పాను. ఆ అమ్మాయికి అర్థం కాక ఆయన వైపు చూసింది. అప్పుడు ఆయన దగ్గడం మాని, మా ఇంటిది లేకపోతే మా కొట్టు లేదని, గింజ కొరికే సంగతంతా వివరంగా చెప్పుకొచ్చారు. అలా చెప్పకపోయి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పళ్ళ మొదళ్ళలో పాచి గట్టిపడి గారయింది. అది చిగురు కిందికి దిగి, పన్నును పట్టుకునే ఎముకను కొంత తినేసింది. వేలితో అలా రుద్దడం వల్ల లోపలి పాచి పోకపోగా పైన చిగురు అరిగింది. గార తీసి శుభ్రం చేస్తాను గాని, ఆ తరవాత రోజూ శుభ్రంగా ఉంచుకోవడం మీ చేతిలోనే ఉందంది. నా చేతికి బలం ఎక్కువ, ఒడుపు తక్కువ కాబట్టి కరెంటు బ్రష్షు మేలని, పళ్ళ మధ్య సందులు పెద్దవయ్యాయి కాబట్టి నీళ్ళు చిమ్మి కడిగే మిషను కూడా కొనుక్కోమని చెప్పింది. చివర్లో మా ఇద్దరినీ చూసి ఒక మాట అంది.

"పోయిన చిగురు తిరిగి రాదాంటీ. ఉన్నది నిలబెట్టుకుంటే పళ్ళన్నీ మీవే. పచ్చి బియ్యం మాత్రం ఈ రోజుతో ఆపేయండి."

ఆ రోజుతో మా ఆయన గుమ్మం దాకా రావడం ఆపేశారు.

బ్రష్షు కొనడానికి ఇద్దరం బజారుకు వెళ్ళాం. వ్యాపారం చేసేవాడికి వేరే వ్యాపారి కొట్లో నిలబడితే ఊరుకోబుద్ధి కాదు. మా ఆయన ప్రతి డబ్బా విప్పించారు. కొట్టతను ఫోనుకు కలిపే బ్రష్షు చూపించాడు. ఎక్కడ సరిగ్గా తోమలేదో ఫోన్లో బొమ్మ వేసి చూపిస్తుందట. నా నోటి సంగతి ఫోను చెప్పేదేమిటని పక్కన పెట్టించాను. డాక్టరమ్మ చెప్పిన గుర్తులు నాలుగే. కుచ్చు మెత్తగా ఉండాలి. తల చిన్నదిగా ఉండాలి, వెనక దవడ పళ్ళ దాకా వెళ్ళాలి. గట్టిగా నొక్కితే హెచ్చరించే లైటు ఉండాలి. రెండు నిమిషాలయ్యాక దానంతటది ఆగాలి. మిగతా హంగులన్నీ డబ్బా అందానికే. నీళ్ళ మిషన్లలో చేత్తో పట్టుకునే చిన్నది ముచ్చటగా ఉంది గాని, దాని తొట్టిలో నీళ్ళు సగం నోటికే అయిపోతాయి. బల్ల మీద పెట్టే పెద్ద తొట్టిది తీసుకున్నాం. ఇంటికి తెచ్చాక చూస్తే మా పెరటి సింకు దగ్గర ప్లగ్గు లేదు. మా ఆయన కరెంటు మేస్త్రీని పిలిచి, వాన నీళ్ళు పడని చోట, గోడ మీద ఎత్తుగా ప్లగ్గు పెట్టించారు. ఆయన ఇంత శ్రద్ధగా పెట్టించింది మా పెళ్ళయిన కొత్తలో ఒక్క ఫ్యానే.

మొదటి రోజు బ్రష్షు నోట్లో పెట్టుకోకముందే మీట నొక్కాను. పేస్టంతా అద్దం మీదికీ, నా కళ్ళజోడు మీదికీ, పక్కన నిలబడి వింత చూస్తున్న ఆయన చొక్కా మీదికీ ఎగిరింది. రెండో రోజు గిన్నె తోమినట్టు తోమాను, ఎర్ర లైటు వెలిగి ఆరలేదు. ఈ బ్రష్షుతో మనం తోమకూడదు, పట్టుకుని ఊరుకోవాలి. పన్నూ చిగురూ కలిసే గీత మీద కొంచెం వాలుగా ఆనించి, ఒక్కో పంటి దగ్గర కాసేపు ఉంచి జరుపుకుంటూ పోవాలి. పని అంతా అది చేసుకుంటుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఒంటి బలంతో పని చేసినదానికి ఇలా ఊరికే పట్టుకోవడం ఎంత కష్టమో చేస్తే గాని తెలియదు. చాలా రోజులు నా చెయ్యి నా మాట వినలేదు. ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా నా అత్తగారు వెనక నుంచి చూస్తున్నట్టే ఉండేది.

నీళ్ళ మిషనుతో జరిగింది ఇంకో కథ. ఉత్త నీళ్ళకు ఏ గుణం ఉంటుందని నాకు అనుమానం. ఉప్పూ పసుపూ దండిగా కలిపి తొట్టి నింపాను. గుండ్రటి మీటను చివరిదాకా తిప్పి, నోరు బాగా తెరిచి, స్విచ్చి వేశాను. పచ్చటి నీళ్ళు గోడ మీది కాలెండరు దాకా వెళ్ళాయి. కాసేపటికి దాని ముక్కులో పసుపు ఇరుక్కుని ఇక గర్రుమనడమే తప్ప చుక్క రాల్లేదు. తొట్టి పచ్చబడింది, నా జాకెట్టు పచ్చబడింది. మా ఆయన వచ్చి చూసి, నోటికి పేరంటం చేస్తున్నావేటి అని అడిగారు. ఆ రోజు ఆయన మీద కోపం వచ్చిందే గాని, ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో అని కూడా అనిపించింది. మిషను ముక్కు తీసి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, సూదితో పొడిచి, పాత బ్రష్షుతో రుద్ది ఆయనే బాగుచేశారు. అప్పటి నుంచి ఉత్త గోరువెచ్చని నీళ్ళే. అన్నిటికన్నా తక్కువ జోరు మీద మొదలుపెట్టి, సింకు మీదికి వంగి, పెదాలు కొంచెం మూసి, నీళ్ళు వాటంతట అవే కారిపోయేలా వదిలేస్తాను. చిగురు గీత వెంట ముక్కు నడిపిస్తూ రెండు పళ్ళ మధ్య చిన్నగా ఆపుతాను. తోమాక కూడా కరివేపాకు ముక్కలూ, కందిపప్పు పొట్టూ బయటికి వస్తాయి. ఇన్నేళ్ళూ అవి నా నోట్లో కాపురం ఉన్నాయన్నమాట.

కొన్నాళ్ళకు రక్తం తగ్గింది. ఎర్రగా ఉబ్బినట్టు ఉండే చిగుళ్ళు గులాబి రంగుకు వచ్చాయి. అద్దంలో నా నోరు చూసుకుని నేనే మురిసిపోయాను. ఆ మురిపెం ఎవరికైనా చూపించాలంటే మా ఆయన ఎప్పుడూ కొట్లోనే ఉండేవారు. లారీలు వచ్చేవి. గొట్టం గుచ్చిన చప్పుడు వంటింట్లోకి వినిపించేది. నేను గరిటె పట్టుకుని గుమ్మం వైపు చూసేదాన్ని. కాసేపటికి బస్తాలు దబ్బుదబ్బుమని దిగే చప్పుడు వచ్చేది. ఆయన గింజలు అరచేతిలో రుద్ది, వాసన చూసి, ఫోను వెలుతురులో అటూ ఇటూ తిప్పి దింపించేస్తున్నారన్నమాట. బియ్యం వయసు చెప్పే మిషను మా బజారులో ఎవరి దగ్గరా లేదు.

ఒకనాడు ఆయన బ్యాంకుకు వెళ్ళినప్పుడు నేను కొట్లో కూర్చున్నాను. మా దగ్గర ఎప్పటినుంచో కొనే రిటైరైన టీచరమ్మ ఒకావిడ సంచీ పట్టుకుని వచ్చింది. పోయినసారి తీసుకెళ్ళిన బియ్యం వండితే అన్నం ముద్దయిపోతోందని, చుట్టాల ముందు పరువు పోయిందని మెల్లగా చెప్పింది. నన్ను నొప్పించడం ఇష్టం లేక, మీరు ఊళ్ళో లేరా ఏమిటని అడిగింది. ఆమెకు వేరే బస్తా ఇప్పించి పంపాను. ఆమె చెప్పిన లాటు మొత్తం వెనక్కి వచ్చేస్తోందని హమాలీ అప్పుడు చెప్పాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన్ను అడిగాను.

"నాకెందుకు సెప్పలేదండీ?"

"సెప్తే కొరుకుతానంటావు. కొరికితే ఆ పన్నూ పోతాది."

"మరి బియ్యం పోతన్నాయి గదా."

"పోనీ. నీ పళ్ళ కన్నా బస్తాలెక్కువేటి?"

ఇంత మంచి మాట అన్న మనిషి మీద అలగడానికి నాకు మనసు రాలేదు, సంతోషించడానికీ మనసు రాలేదు. మజ్జిగ పోసి లేచిపోయాను. పెరట్లో నిలబడి ఏడ్చాను. నాకు పచ్చి బియ్యం మీద ఆశ లేదు. ఆ కాస్త తీపి లేకుండా బతకగలను. ఆయన గుమ్మంలో నిలబడి నన్ను అడగాలి. బయట లారీ ఆగి ఉండాలి, హమాలీలు చూస్తుండాలి, నేను చెప్పేదాకా ఏదీ కదలకూడదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు చీరలు పెట్టారు, బంగారం పెట్టారు, అవన్నీ అందరు మొగుళ్ళూ పెడతారు. ఆయన చెయ్యి చాపి నిలబడింది నా ముందే. అది పోయింది.

ఒకసారి గోడౌనులో ఎవరూ లేనప్పుడు స్వర్ణ బియ్యం బస్తాలోంచి ఒక గింజ తీసి నాలుక మీద పెట్టుకున్నాను. కొరకలేదు. డాక్టరమ్మ మాట గుర్తుంది, పెరట్లో ఆయన పెట్టించిన ప్లగ్గూ గుర్తుంది. గింజను అంగిటికి నొక్కిపెట్టి చాలాసేపు నిలబడ్డాను. అది నాని మెత్తబడింది గాని నాకేమీ చెప్పలేదు. మింగేసి వచ్చి కూర తరుక్కున్నాను.

మళ్ళీ చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. డాక్టరమ్మ సన్నటి కడ్డీతో ఒక్కో పంటి చుట్టూ లోతు చూసి, ఎంతో బాగుపడిందని మెచ్చుకుంది. కదిలే పన్ను కూడా కొంత గట్టిపడిందంది. ఇంత బాగా ఎవరూ చెయ్యరు ఆంటీ అంటే పరీక్ష పాసైన పిల్లలా కూర్చున్నాను. ఆ ఊపులోనే, ఇక గింజ కొరకవచ్చా అని అడిగేశాను. ఆ అమ్మాయి చేతి తొడుగులు విప్పుకుంది. అన్నం ఎంతైనా తినండి, పచ్చి బియ్యం ఇక జన్మలో వద్దని చెప్పింది. పట్టు కొద్దిగానే మిగిలిందని, గట్టి గింజ ఒక్కటి అడ్డంగా పడినా ఆ పన్ను ఉండదని చెప్పింది. కోప్పడలేదు, బతిమాలినట్టే చెప్పింది. అందుకే ఎక్కువ బాధేసింది.

తిరిగి వస్తూ స్కూటరు నాగావళి వంతెన మీదికి ఎక్కేసరికి నాకు ఏడుపు ఆగలేదు. గాలి హోరులో ఆయనకు వినపడదనుకున్నాను. వంతెన దాటాక ఆయన స్కూటరు పక్కకు ఆపారు. వెనక్కి తిరగకుండానే, ఏటయిందని అడిగారు. అడగరు గదా ఇక నన్ను అన్నాను. ఏం అడగరని ఆయన మళ్ళీ ప్రశ్నించలేదు. బండి తీశారు.

ఆ తరవాత వచ్చిన లారీ సాంబ మసూరిది. నేను వంకాయలు కోస్తున్నాను. గొట్టం గుచ్చిన చప్పుడు విన్నాను, బస్తాలు దిగే చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాను. అది రాలేదు. తలెత్తితే ఆయన గుమ్మంలో ఉన్నారు. పిడికిలి మూసి ఉంది. డాక్టరమ్మ చెప్పింది మరిచిపోయారా అని భయం వేసింది, మరిచిపోతే బాగుండునని కూడా అనిపించింది.

ఆయన నా పక్కన పీట లాక్కుని కూర్చున్నారు.

"నాకు తెలీదు గదా. నాను కొరుకుతాను, నువ్వు ఇను. ఇని సెప్పు."

ఒక గింజ ముందుపళ్ళ మధ్య పెట్టుకుని, వంగి, తన చెంపను నా చెవికి ఆనించారు. గడ్డం గీసుకోలేదు, గుచ్చుకుంది. గింజ విరిగింది. ఆ చప్పుడు ఆయన దవడలోంచి నేరుగా నా చెవిలోకి వచ్చింది. ఇంకో గింజ పెట్టుకున్నారు. అది విరగలేదు, నలిగింది. మరో రెండూ అంతే, ఆ తరవాతది విరిగింది. ఆ పొడి నా నాలుక మీద పడలేదు. ఇక ఎప్పటికీ పడదు. వింటున్నంతసేపూ నా నాలుక మాత్రం దాని కోసం పళ్ళ వెనక వెతుక్కుంటూనే ఉంది.

"కలిపీసినారండీ" అన్నాను. "పాతవి సగం కూడా నేవు."

ఆయన ముఖం వెలిగిపోయింది. దించొద్దని హమాలీలకు కేక వెయ్యడానికి లేవబోయారు. నేను చొక్కా పట్టుకుని ఆపాను.

"ఇంకోపాలి కొరకండి."

"అనుమానమేటి?"

అనుమానం ఏమీ లేదు. అవునన్నాను. ఆయన మళ్ళీ వంగారు.